ఎయిర్ ఫ్రయర్‌లో చిప్స్ కరకరలాడాలంటే

ప్రశ్న: మావారికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరు నూనె తగ్గించమన్నారు. ఆయనకేమో పప్పన్నంలో నంజుకోవడానికి రోజూ ఏదో ఒకటి కరకరలాడుతూ ఉండాలి. అందుకని మా అబ్బాయి సంక్రాంతికి ఎయిర్ ఫ్రయర్ కొనిచ్చాడు. వీడియోల్లో చూసినట్టే 200 డిగ్రీలు పెట్టి బంగాళాదుంప చిప్స్ చేస్తే కొన్ని అంచులు మాడిపోయాయి, కొన్ని మధ్యలో మెత్తగా ఉండిపోయాయి. బీట్‌రూట్ పైన నల్లబడింది, లోపల సాగుతోంది. కాకరకాయ చక్రాలు నమిలినా తెగడం లేదు. ఒకరోజు బాగానే వచ్చాయని డబ్బాలో పోస్తే సాయంత్రానికే మెత్తబడ్డాయి. నూనె తగ్గిస్తే ఇంతేనా? దీన్ని అటక మీద పెట్టేయమంటారా? చల్ల మిరపకాయలు, వడియాలు కూడా ఇందులో వేయించుకోవచ్చేమో చెప్పండి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అటక ఎక్కించకండమ్మా. నూనె తగ్గించినా చిప్స్ కరకరలాడతాయి. మీరు రాసిన ఇబ్బందులు నాలుగు రకాలుగా కనిపిస్తున్నాయి గానీ, అన్నిటికీ మూలం నీళ్ళే. ముక్కలో నీళ్ళు బయటికి పోకముందే పైన వేడి ఎక్కువైపోతోంది. మాడటమైనా, మధ్యలో మెత్తగా ఉండటమైనా, సాగడమైనా అందువల్లే.

బంగాళాదుంపలో దాదాపు 80 శాతం నీళ్ళు. బీట్‌రూట్‌లో, క్యారెట్‌లో 87, 88 శాతం దాకా ఉంటాయి. బెండకాయలో 90 శాతం, కాకరకాయలో ఇంకా ఎక్కువ. మీరు 200 గ్రాముల బంగాళాదుంప చక్రాలు బుట్టలో వేశారంటే అందులో 160 గ్రాములు నీళ్ళే. కరకరలాడే చిప్స్‌లో మిగిలే నీళ్ళు 2, 3 శాతానికి మించకూడదు. అంటే ఆ 160 గ్రాములూ ఇంచుమించు మొత్తం ఆవిరై పోవాలి. మూకుడులో ఈ పని నూనె చేస్తుంది. కాగిన నూనె ముక్కకి అన్ని పక్కలా అంటుకుని వేడిని ఒక్కసారిగా లోపలికి పంపుతుంది. ముక్కలు వేయగానే సుయ్‌మని పొంగే నురగంతా ఆ ఆవిరే. నురగ తగ్గితే చిప్స్ తీసెయ్యాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి అంత వేడిని అంత త్వరగా అందించలేదు. నూనెలో రెండు మూడు నిమిషాల్లో అయ్యేది గాలిలో పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. తొందరపడి 200 పెడితే పల్చటి అంచు ముందే ఎండిపోయి మాడుతుంది, మధ్యలో తడి తడిగానే ఉంటుంది.

ఈ మిషన్ పేరులో వేపుడు ఉంది గానీ లోపల జరిగేది వేపుడు కాదు. పైన ఒక కాయిల్ వేడెక్కుతుంది, దాని మీద ఉన్న ఫ్యాను ఆ వేడి గాలిని బుట్టలో గిరగిరా తిప్పుతుంది. ఫిలిప్స్ వాళ్ళు 2010లో బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని మొదటిసారి పెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ కంపెనీదైనా పని చేసే తీరు ఇదే. చిన్న ఓవెన్, గట్టిగా తిరిగే ఫ్యాను. అందుకే దీన్ని మూకుడుకి బదులుగా అనుకుంటే నిరాశే. ఇది మిద్దె మీద ఎండకీ గాలికీ దగ్గరి చుట్టం. మన ఇళ్ళల్లో కాకరకాయలు, దొండకాయలు, వంకాయలు ఉప్పులో వేసి, ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి ఒరుగులు చేసేవారు కదా. ఆ ఒరుగులు నూనెలో వేస్తే క్షణాల్లో వేగిపోయేవి. నీళ్ళు తీసే పని ఎండ ముందే చేసేసింది కాబట్టి మూకుడుకి మిగిలింది కాస్త రంగు, కాస్త రుచి ఇవ్వడమే. ఎయిర్ ఫ్రయర్‌లోనూ ఈ వరసే పాటించాలి. ముందు తక్కువ వేడిలో నిదానంగా ఎండనివ్వండి, చివర్లో మాత్రమే వేయించండి.

ముందు బంగాళాదుంప సంగతి వివరంగా చెబుతాను. ఇది పట్టుబడితే మిగతావన్నీ సులువే.

చిప్స్ గీసే పీట లేకపోతే ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం ఉండదు. కత్తిపీట మీద ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా వంద ముక్కలు ఒకే మందంలో రావు. కొన్ని మాడి, కొన్ని మెత్తగా ఉండటానికి సగం కారణం అదే. ఒకటిన్నర మిల్లీమీటరు మందం సరిపోతుంది. చూడాలంటే పది చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చండి, మొత్తం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండాలి. ఇంకా పల్చగా గీస్తే ఫ్యాను గాలికి లేచిపోతాయి. ఆ పీట వాడేటప్పుడు చివరి ముక్కకి ఆశపడి వేలు పోగొట్టుకోవద్దు. దుంప చిన్నదైపోయాక ఆ ముక్క కూరలోకి వేసేయండి.

గీసిన చక్రాలని గిన్నెడు నీళ్ళలో వేసి చేత్తో కలపండి. నీళ్ళు తెల్లగా అవుతాయి, అది పైకి వచ్చిన పిండి. ఆ నీళ్ళు పారబోసి, ఇంకోసారి కడిగి, మంచినీళ్ళలో అరగంట ఉంచండి. పిండి పోతే ముక్కలు ఒకదానికొకటి అంటుకోవు. దాంతోపాటు దుంపలోని చక్కెర కొంత నీళ్ళలోకి దిగిపోతుంది, చిప్స్ తొందరగా నల్లబడవు. తీరిక ఉంటే మరిగే నీళ్ళలో ఒక చెంచా వెనిగర్, కాస్త ఉప్పు వేసి చక్రాలని రెండు నిమిషాలు ఉంచి తీయండి. చక్రాలు పగలకుండా ఉంటాయి, ఉప్పు కూడా లోపలిదాకా పడుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అసలు పని అదే. పాత కాటన్ చీర ముక్కో, మెత్తటి పంచో పరిచి, చక్రాలని ఒక్కొక్కటిగా ఆరబెట్టండి. ఇంకో బట్టతో పైన అద్దండి. తర్వాత ఫ్యాను కింద ఇరవై నిమిషాలు వదిలేయండి. ముట్టుకుంటే చేతికి తడి తగలకూడదు, ముక్క అంచు కాస్త పైకి లేచినట్టు ఉండాలి. ఫ్యాను కింద పోయిన ప్రతి చుక్కా మిషన్‌కి తగ్గిన పనే.

ఆరిన చక్రాలని వెడల్పాటి గిన్నెలో వేసి, 200 గ్రాములకి ఒక టీ చెంచా వేరుశెనగ నూనె వేసి, చేత్తో మెల్లగా పట్టించండి. ప్రతి చక్రం రెండు వైపులా మెరవాలి, ఎక్కడా కారకూడదు. నూనె అసలు లేకుండా చేయొచ్చా అంటే చేయొచ్చు గానీ, నేను చెయ్యమనను. పొడిబారిన పిండి రుచి వస్తుంది, రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. ఒక చెంచా అంటే నాలుగున్నర గ్రాముల నూనె, 40 క్యాలరీలు. అది ఇద్దరు పంచుకుంటే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. బయట దొరికే స్ప్రే డబ్బాల్లో నూనెతోపాటు వేరే పదార్థాలు కూడా కలుపుతారు. అవి బుట్ట మీది నాన్‌స్టిక్ పూతకి జిగటగా పట్టేసి, కడిగినా పోవు. చెయ్యి ఉండగా స్ప్రే ఎందుకు?

మిషన్‌ని మూడు నిమిషాలు ఖాళీగా వేడి చేసి, చక్రాలు వేసి, 150 డిగ్రీల్లో పెట్టండి. నాలుగు లీటర్ల బుట్టకి ఒక వాయికి 120 గ్రాముల నుంచి 150 గ్రాముల దాకా చాలు. ఒకటి రెండు చక్రాలు ఒకదాని మీదకి ఇంకోటి ఎక్కినా ఫర్వాలేదు, గుట్టగా మాత్రం పోయొద్దు. గుట్టగా పోస్తే లోపల వచ్చిన ఆవిరి అక్కడే తిరుగుతుంది, ముక్కలు ఉడికిపోతాయి. పైన ఒక స్టీలు జాలీ లాంటిది పెడితే మంచిది. మిషన్‌తో ఇచ్చిన రాక్ ఉన్నా సరిపోతుంది. ఎండిన చక్రం తేలికై గాలికి లేచి పైన కాయిల్‌కి తగిలితే అక్కడే కాలి పొగ వస్తుంది.

ఐదు నిమిషాలకోసారి బుట్ట బయటికి లాగి కుదపండి. మొదటిసారి లాగినప్పుడు చక్రాలు తడిగా, బరువుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వాటిని పటకారుతో విడదీయండి. రెండోసారికి అంచులు ముడుచుకోవడం మొదలవుతుంది. ఇక్కడి నుంచి చూపు, చెవి రెండూ అక్కడే ఉండాలి. ఒక చక్రాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. అంచు తెల్లగా, గరుకుగా అయి ఉంటుంది. నడిమధ్యలో మాత్రం ఒక చిన్న మచ్చ నూనె కాగితంలా వెలుతురు పోనిస్తూ కనిపిస్తుంది. ఆ మచ్చ అంటే ఇంకా తడి ఉందని. వాయి తిప్పిన కొద్దీ ఆ మచ్చ చిన్నదవుతూ వస్తుంది, అది పోయేదాకా చిప్స్ కానట్టే. కుదిపినప్పుడు శబ్దం కూడా మారుతుంది. మొదట దబదబమంటాయి, ఎండేకొద్దీ గలగలమంటాయి. గలగల వినిపించాక 170కి పెంచి రెండు నిమిషాలు ఉంచితే బంగారు రంగు వస్తుంది. మొత్తం మీద ఇరవై నిమిషాలు అటూ ఇటూగా పడుతుంది. మీ మిషన్‌ని బట్టి రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది కాబట్టి, గడియారం కంటే ఆ మచ్చని నమ్మండి.

అన్నీ ఒకేసారి అవ్వాలని పట్టుబట్టకండి. ముందు అయిన వాటిని పటకారుతో ఏరి పళ్ళెంలోకి తీసేయండి, మిగతావి ఇంకో రెండు నిమిషాలు తిరగనివ్వండి. ఇలా ఏరుకోవడం ఒక్కటి అలవాటైతే మీరు రాసిన "కొన్ని మాడి, కొన్ని మెత్తగా" అన్న బాధ చాలా వరకు తీరిపోతుంది. తీసిన వెంటనే కొరికి చూసి మెత్తగా ఉందని కంగారు పడొద్దు. వేడి మీద ఏ చిప్స్ అయినా కాస్త మెత్తగానే ఉంటాయి, చల్లారాకే గట్టిపడతాయి. పళ్ళెంలో పల్చగా పరిచి ఐదు నిమిషాలు ఆగి అప్పుడు చూడండి.

ఇంత చేసినా కొన్ని దుంపలు 150 డిగ్రీల్లోనే గోధుమ రంగులోకి తిరిగిపోతాయి. అది మీ చేతి తప్పు కాదు, దుంపది. చల్లగా నిలవ ఉంచితే బంగాళాదుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెరే తొందరగా నల్లబడుతుంది. కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి ఉండి వచ్చిన దుంపలతో ఈ బాధ ఎక్కువ. అందుకే చిప్స్ ఫ్యాక్టరీల కోసం సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్ళు ప్రత్యేకంగా కుఫ్రీ చిప్సోనా అని రకాలు తయారుచేశారు. 1998లో వచ్చాయి. వాటిలో చక్కెర తక్కువ, నీళ్ళు కూడా తక్కువ. మామూలు బజారులో ఏ రకమో అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి ఇంట్లో ఒక జాగ్రత్త చాలు: బంగాళాదుంపలు ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టకండి. కొన్నాక వారం పది రోజులు గాలి తగిలే బుట్టలో, వెలుతురు పడని చోట ఉంచి వాడితే ఆ చక్కెర కొంత తగ్గుతుంది.

రంగు గురించి ఇంకొక మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. పిండి ఉన్న దుంపలు 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రబడుతున్నప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని చిప్స్ లాంటి తిండిలో కనిపెట్టి చెప్పారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఇది క్యాన్సర్ తెచ్చేదని తేలడంతో యూరప్ దేశాలు చిప్స్ కంపెనీలకి దీని మీద కొలతలు కూడా పెట్టాయి. నూనెలో వేయించినా, గాలిలో వేయించినా, ముదురు రంగు వచ్చేకొద్దీ ఇది పెరుగుతుంది. నూనె లేదు కదా అని మాడిన చిప్స్ తినడం మంచిది కాదు. పసుపు బంగారు రంగులో ఆపేయండి. నానబెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టకపోవడం ఇందుకు కూడా పనికొస్తాయి. మాడిన వాటిని "పర్లేదులే" అని మీరు తినేసి, మంచివి ఆయనకి పెట్టడం కూడా వద్దు. పారేయండి.

బీట్‌రూట్‌కి వద్దాం. అందులో చక్కెర ఎక్కువ, నీళ్ళూ ఎక్కువ. ఈ రెండూ కలిసి ఉన్న క్యారెట్, చక్కెర ఎక్కువగా ఉండే చిలగడదుంప కూడా ఇదే దారి. వీటికి 200 డిగ్రీలు శత్రువు. 135, 140 మధ్య పెట్టి ఇరవై ఐదు నిమిషాల నుంచి అరగంట దాకా ఓపిక పట్టాలి, చివర్లో వేడి పెంచకూడదు. బీట్‌రూట్ ఎండితే సగానికి సగం ముడుచుకుపోతుంది కాబట్టి రెండు మిల్లీమీటర్ల మందం ఉంచండి. దాని రంగు ముదురు కావడంతో మాడుతోందో లేదో కంటికి తెలియదు. అందుకని వాసన చూడండి. తియ్యటి వాసన కాస్త చేదుగా మారుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఉప్పు ముందు వేస్తే నీళ్ళు ఊరి చక్రాలు తడిసిపోతాయి, అది చివర్లోనే.

కాకరకాయకి మాత్రం ఉప్పు ముందే. చక్రాలు తరిగి, గింజలు ముదిరి ఉంటే తీసేసి, ఉప్పు, పసుపు రాసి అరగంట ఉంచితే బోలెడు నీళ్ళు ఊరతాయి. గుప్పెట్లో పట్టుకుని గట్టిగా పిండండి, మొహమాట పడొద్దు. చేదు కూడా ఆ నీళ్ళతోనే కొంత పోతుంది. పిండాక మీ చేతిలో సగం కాకరకాయే మిగిలినట్టు కనిపిస్తుంది. ఈ పిండే పని సరిగా జరగకే మీ చక్రాలు తెగకుండా అలా తయారయ్యాయి. తర్వాత బట్ట మీద ఆరబెట్టి, పావు కిలో కాయలకి రెండు చెంచాల నూనె, ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి పొడిగా పట్టించండి. మిగిలిన తడిని పిండి పీల్చుకుని పైన సన్నటి పొరలా కరకరలాడుతుంది. 160 డిగ్రీల్లో పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. కారం ఎప్పుడూ దించాకే చల్లండి. ముందే చల్లితే వేడి గాలికి కారం మాడుతుంది, బుట్ట తీయగానే ఆ ఘాటు నేరుగా కళ్ళల్లోకి కొడుతుంది. వెల్లుల్లి కారమో, పల్లీల కారమో వేడి వేడి చక్రాల మీద చల్లి కలిపితే మీవారు మూకుడులో వేయించారా అని అడుగుతారు. ఈ మిషన్‌లో చేసిన వాటన్నిటిలో నా ఓటు కాకరకాయకే.

దాని తర్వాత అరటికాయ. మీది గోదావరి పక్క జిల్లా కాబట్టి మంచి బొంత అరటికాయలు దొరకడం కష్టం కాదు. అరటికాయలో నీళ్ళు బంగాళాదుంప కన్నా తక్కువ, పచ్చికాయలో చక్కెర కూడా తక్కువ, అందుకే తొందరగా ఎండుతుంది, తొందరగా నల్లబడదు. పసుపు, ఉప్పు కలిపిన నీళ్ళలోకి నేరుగా చక్రాలు గీసి, పది నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, నూనె పట్టించి 160లో పదిహేను నిమిషాలు చాలు. కొబ్బరి నూనె పడితే అదే వాడండి, కేరళ అరటికాయ చిప్స్ వాసన వస్తుంది. మందంగా గీస్తే మాత్రం పళ్ళకి పని చెబుతాయి. అరటికాయని బంగాళాదుంపంత పల్చగానే గీయాలి.

బెండకాయలు కడిగాక కాయలుగానే పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి, తర్వాతే తరగాలి. నిలువుగా నాలుగు చీలికలు చేసి, నూనె, కాస్త శనగపిండి, బియ్యప్పిండి పొడిగా చల్లి 170లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. జీడిపప్పు, కరివేపాకు చివరి మూడు నిమిషాల్లో వేస్తే పెళ్ళి భోజనాల్లో వడ్డించే బెండకాయ వేపుడుకి దగ్గరగా వస్తుంది. కంద ముక్కల్ని చింతపండు నీళ్ళలో కాసేపు ఉంచి తీయండి, లేకపోతే గొంతు దురద. చామదుంపలు ముందు ఉడికించి, తొక్క తీసి, చక్రాలు కోసుకుంటేనే మంచిది. బీరకాయ, సొరకాయ, దోసకాయ జోలికి వెళ్ళకండి. వాటిలో నీళ్ళు పోతే మిగిలేది ఏమీ ఉండదు. జారుడు పిండిలో ముంచిన బజ్జీలు కూడా ఇందులో అవ్వవు. పిండి గట్టిపడేలోపే జాలీలోంచి కిందికి కారిపోతుంది.

మీవారి సంగతి. మూకుడులో వేయించిన బజారు చిప్స్‌లో ఇంచుమించు మూడో వంతు నూనే. 100 గ్రాముల ప్యాకెట్ వెనక చూస్తే కొవ్వు 30 నుంచి 35 గ్రాములు రాసి ఉంటుంది. మీరు 200 గ్రాముల దుంపలతో చేసిన చిప్స్‌లో ఉండేది ఆ ఒక్క చెంచానే. నూనె విషయంలో మీరు చేస్తున్న మార్పు నిజంగా పెద్దదే, ఆ సంతోషం మీకు ఉండాలి. కానీ గాలి నూనెని తగ్గిస్తుంది గానీ పిండిని తగ్గించదు. 200 గ్రాముల దుంపలు ఎండితే వచ్చే చిప్స్ 45 గ్రాములకి మించవు. చూడటానికి చిన్న గిన్నెడు, లోపలికి పోయేది రెండు దుంపలు. అన్నంతో పాటు రోజూ అదే అయితే, ముఖ్యంగా ఆయనకి షుగర్ కూడా ఉంటే, కష్టం. అందుకని వారంలో దుంపలు ఒకటి రెండు రోజులకి పెట్టుకుని, మిగతా రోజులు కాకర, బెండ తిప్పండి. ఉప్పు కూడా చూసుకోండి. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాములు దాటొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే ఒక టీ చెంచా. అందులో పచ్చళ్ళ ఉప్పు కూడా కలిసే ఉంటుంది. చిప్స్ ఎండి చిన్నవైపోతాయి కాబట్టి పచ్చి ముక్కల లెక్కలో ఉప్పు వేస్తే కషాయమే. దించాక, ఇంకా నూనె మెరుపు ఉండగానే, మెత్తటి ఉప్పు చిటికెడు చల్లితే తక్కువలోనే ఎక్కువ రుచి తెలుస్తుంది.

కరెంటు గురించి మీరు అడగలేదు గానీ చాలామందికి ఆ టెన్షన్ ఉంటుంది. 1500 వాట్ల మిషన్ ఇరవై నిమిషాలు ఆగకుండా మండినా అర యూనిటే. మధ్యమధ్యలో అది తనంతట తను ఆగి మళ్ళీ మండుతుంది కాబట్టి అంత కూడా అవ్వదు.

ఇక డబ్బాలో మెత్తబడటం. కాకినాడలో సముద్రపు గాలి ఉన్నన్నాళ్ళూ ఇది ఉంటుంది. చిప్స్ పొడిగా ఉంటాయి కాబట్టి గాలిలో తడిని పీల్చేస్తాయి, పైన చల్లిన ఉప్పు ఆ పనికి ఇంకా తోడవుతుంది. వేడి తగ్గకుండా డబ్బాలో పోస్తే వాటి ఆవిరి వాటికే తగులుతుంది, అలాగని సాయంత్రం దాకా పళ్ళెంలో వదిలేసినా చెడతాయి. పూర్తిగా చల్లారిన వెంటనే, అంటే పావుగంట లోపు, బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పోయండి. ఉప్పు, కారం తినేముందు చల్లుకుంటే ఇంకా మంచిది. గుప్పెడు బియ్యం కాస్త వేయించి చల్లార్చి, పలచటి బట్టలో మూటకట్టి సీసాలో వేయొచ్చు, తడి కొంత అది లాగేస్తుంది. ఇన్ని చేసినా మూడు నాలుగు రోజులకి మించి నిలవ పెట్టుకోవద్దు. మెత్తబడ్డ వాటిని పారేయనక్కర్లేదు. 140 డిగ్రీల్లో రెండు మూడు నిమిషాలు తిప్పి, చల్లార్చండి, మళ్ళీ కరకరలాడతాయి. ఒక్కోసారి సాయంత్రానికే మెత్తబడ్డాయంటే మాత్రం అసలు లోపలే తడి మిగిలిందని అర్థం. ఆ నడిమి మచ్చ పోకముందే దించేసి ఉంటారు. లోపలి తడి మెల్లగా అంచుల దాకా పాకి మొత్తాన్ని మెత్తబరుస్తుంది.

చల్ల మిరపకాయలు ఇందులో చాలా బాగా వేగుతాయి. అవి ఎండే వచ్చాయి కదా. పది మిరపకాయలకి అర చెంచా నూనె చేత్తో రాసి, 160 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు. మూడో నిమిషంలో ఒకసారి చూడండి, ముదురు గోధుమ రంగు రాగానే తీసేయాలి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఫ్యాను ఘాటుని ఇల్లంతా పంచుతుంది. తేలికైన కాయలు ఎగరకుండా పైన జాలీ ఉంచండి. గుమ్మడి వడియాలు, మినప వడియాలు కూడా నూనె రాసి 160లో ఆరు, ఏడు నిమిషాలు పెడితే కరకరలాడతాయి, లోపల గుల్లగా కూడా ఉంటాయి. సగ్గుబియ్యం వడియాలు, పిండి వడియాలు మాత్రం వేయకండి. అవి పొంగాలంటే ఒక్కసారిగా గట్టి వేడి తగలాలి. ఆ వేడి నూనెకే ఉంది, గాలిలో పెడితే అక్కడక్కడా తెల్లబడి, మిగతా చోట్ల రాయిలా ఉండిపోతాయి. అవి తినాలనిపించిన రోజు చిన్న మూకుడులో కొద్దిగా నూనె పోసి, ఆయనకి రెండే రెండు వేయించి పెట్టండి.